సర్వర్‌లో బొడ్రాయి

2011వ సంవత్సరం. మెదక్ బస్టాండు ఎదురుగా ఉన్న సందులో, గాజుల దుకాణం పక్కన నాకొక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ఎనిమిది కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఎప్పుడు పనిచేస్తుందో దానికే తెలియని ఒక ఇన్వర్టరు. హాల్ టికెట్లు తీయడం, ఉద్యోగాల దరఖాస్తులు నింపడం, చర్చి చూడడానికి వచ్చినవాళ్ళ ఫోటోలు ప్రింటు వేసి ఇవ్వడం, ఇదీ నా వ్యాపారం. ఇప్పుడు మెదక్‌లోనే కూర్చుని హైదరాబాదులోని ఒక చిన్న గేమ్స్ కంపెనీకి ఎన్విరాన్‌మెంట్ డిజైనర్‌గా పనిచేస్తున్నాను. అంటే ఆటలో కొండలు, అడవులు, చెరువులు ఎక్కడుండాలి, ఆడేవాళ్ళు వాటిని ఏమేం చేయవచ్చు అన్నది తేల్చే పని. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఏం ఉద్యోగమని అడిగితే చెట్లు నాటే ఉద్యోగమంటాను. ఫారెస్టు డిపార్టుమెంటు అనుకుని కాస్త గౌరవంగా చూస్తారు.

ఈ పనిలో ప్రతి కొత్త ఆటకూ మొదటి మీటింగులో ఒకే గొడవ. మాంత్రికులు, డ్రాగన్లు, కోటలు ఉన్న పెద్ద లోకం ఒకటి తయారుచేస్తాం. ఎటు కావాలంటే అటు తిరగొచ్చు, ముందే రాసిపెట్టిన దారి ఉండదు. దీన్నే ఓపెన్ వరల్డ్ అంటారు. ఆ లోకాన్ని ఆటగాడు ఎంతవరకు పాడుచేయవచ్చు? చెట్టు నరకొచ్చా? నరికితే మళ్ళీ మొలవాలా? కొండను పిండి చేయొచ్చా? ఒకరు అన్నీ పగలాలంటారు, అప్పుడే మజా అంటారు. ఇంకొకరు ఏదీ పగలకూడదంటారు, ఎందుకంటే ఆ కొండను గీసింది ఆయనే. వాళ్ళ వాదన సాగినంతసేపూ నేను టీ తాగుతూ కూర్చుంటాను. నా జవాబు నాకు 2011 నాటి సమ్మె రోజుల్లోనే దొరికింది.

ఆ ఏడు తెలంగాణ కోసం ఊరూ వాడా సమ్మెకు దిగింది. బళ్ళు మూతబడ్డాయి, ఆఫీసులు మూతబడ్డాయి, బస్సులు డిపో దాటి బయటికి రాలేదు. మా ఆయన టీచరు, ఆయనా సమ్మెలోనే ఉన్నాడు. పొద్దున దీక్షా శిబిరంలో కూర్చునేవాడు, మధ్యాహ్నం ఇంటికొచ్చి నా మీద ఉద్యమం చేసేవాడు. నా సెంటర్‌కి దరఖాస్తులు నింపించుకునేవాళ్ళు రావడం మానేసి, పొద్దుపోని మగవాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఎన్నాళ్ళని పేపరు చదువుతారు? నేనే ఒక ఆట ఎక్కించి పెట్టాను. మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా మార్చాను. ఆట లోకం మొత్తం ఆ డబ్బాలో నడుస్తుంది, మిగతా కంప్యూటర్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఆ ఒకే లోకంలోకి వెళ్ళి ఆడతారు. దానికి అడ్మిన్‌ను నేను. ఏది పగలాలో ఏది పగలకూడదో నా చేతిలో ఉంటుంది. ఇంట్లో లేని అధికారం అక్కడ దొరికినందుకు నాకు మహా సంబరంగా ఉండేది.

మొదట అన్నీ పగిలేలా వదిలేశాను. వారం తిరిగేసరికి ఆ లోకం చూడడానికి భయమేసింది. స్పాన్ దగ్గర, అంటే కొత్త ఆటగాడు కళ్ళు తెరిచి నిలబడే చోట, ఒక్క చెట్టు మిగల్లేదు. ఎక్కడ చూసినా గోతులే. కొత్తగా వచ్చినవాడు పుడుతూనే గోతిలో పడి చచ్చేవాడు, మళ్ళీ పుట్టేవాడు, మళ్ళీ అందులోనే పడేవాడు. ఒళ్ళు మండి అన్నీ లాక్ చేశాను. ఇక ఎవరూ గడ్డిపోచ కూడా పీకలేరు. అందరూ రెండు రోజులు అడవులు చూసి, చర్చికి వచ్చిన టూరిస్టుల్లా చేతులు కట్టుకుని తిరిగి, మూడో రోజు మళ్ళీ పేపరు పట్టుకున్నారు.

అప్పుడు మూడో ఉపాయం చేశాను. రీజెన్ అని ఒకటుంటుంది. పగలగొట్టినదేదైనా కాసేపటికి తనంతట తనే మునుపటిలా అయిపోతుంది. ఎవరెంత నరికినా అడవి మళ్ళీ మొలుస్తుంది. నాకంటే తెలివైనవాళ్ళు లేరనుకున్నాను. సరిగ్గా ఆ రోజుల్లోనే మల్లేశం అన్న మొదటిసారి మౌస్ పట్టుకున్నాడు.

మల్లేశం అన్న కండక్టరు. మెదక్ నుంచి శంకరంపేట లైను. బస్టాండు గేటు దాటకముందే ఆయన గొంతు మా సందులో వినిపించేది. ముందుకు జరగమని, కిటికీలోంచి తల లోపల పెట్టమని, చిల్లర తీసి ఉంచుకోమని పొద్దంతా అరిచే మనిషి. బస్సులో ఎవరి కూతురు ఎక్కడ చదువుతుందో, ఎవరి బర్రె ఎప్పుడు ఈనిందో అన్నీ ఆయనకు తెలుసు. సమ్మెలో ఆ గొంతు మూగబోయింది. శిబిరంలో నినాదాలప్పుడు కూడా పెదాలు కదిలించేవాడంతే అని మా ఆయన చెప్పాడు. నా సెంటర్‌లోకి వచ్చి కుర్చీలో కూర్చుని ఏమీ ముట్టుకోకుండా తెర వైపు చూసేవాడు. నేనే చేయి పట్టి చెట్టు ఎలా నరకాలో, ఎలా నాటాలో చూపించాను.

ఆయన ఇల్లు కట్టలేదు, కోట కట్టలేదు. స్పాన్ నుంచి దూరంగా కనిపించే డ్రాగన్ల గుట్ట దాకా రోడ్డు వేయడం మొదలుపెట్టాడు. మధ్యమధ్యలో స్టేజీలు, అంటే బస్సు ఆగే చోట్లు. ప్రతి స్టేజీకి కూర్చోవడానికి ఒక గద్దె, నీడకు ఒక చెట్టు. పాపం మొదటి స్టేజీ కట్టి, టీ తాగి వచ్చేసరికి అది లేదు. రీజెన్‌కు పగలగొట్టడమూ కట్టడమూ ఒకటే. మారినదల్లా మునుపటిలా చేసేస్తుంది. అడవి ఆయన స్టేజీని మింగి కూర్చుంది.

"ఏం చెల్లె, గీ అడవి మనిషిని ఒక్క గద్దె గుడ ఏస్కోనియ్యదా?" అన్నాడు మల్లేశం అన్న. ఆ సమ్మెలో ఆయన నాతో అన్న మొదటి పెద్ద మాట అదే.

నవ్వొచ్చింది గానీ ఆయన అన్నది నిజం. నరికినా ఏమీ కాని చోట నాటినా ఏమీ కాదు. ఆ రోజే రీజెన్ తీసేశాను. అన్నీ పగిలేలా మళ్ళీ వదిలేసి, ఇతరులు కట్టినవి దయచేసి పాడుచేయవద్దు అని కాగితం మీద రాసి గోడకు అంటించాను. మన దేశంలో గోడ మీద రాసిన మాట ఎవరు వింటారో మీకు తెలిసిందే.

మల్లేశం అన్న రోడ్డు మాత్రం సాగింది. పొద్దున శిబిరం, తర్వాత రోడ్డు పని. ఒకరోజు ఆయన భార్య యాదమ్మ వదినె వచ్చింది. ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టే మనిషి, ఎప్పుడూ సెంటర్ గడప తొక్కింది లేదు. మొగుణ్ణి ఆటలకు మరిగిస్తున్నావని తిట్టడానికి వచ్చిందనుకుని జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆమె బయటే నిలబడి, లోపల ఆయన వినకుండా మెల్లగా చెప్పింది.

"ఇంట్ల నోరు తెరుస్తలేడు చెల్లె. తిన్నవా అంటే తల ఊపుతడు. నీ కాడికెళ్ళి వచ్చినంకనే జర మాట్లాడుతడు. ఇయ్యాల చెట్టు వెట్టిన, ఇయ్యాల స్టేజి గట్టిన అంటడు. నాకేం సమజ్ గాదు గని, నువ్వయితే గా ఆట బందు వెట్టకు."

అప్పటిదాకా అది నాకు పొద్దుపోక పెట్టిన ఆట. ఆమె వెళ్ళిపోయాక మూలన ఉన్న ఆ పాత డబ్బా వైపు చూస్తే భయమేసింది. మనిషి మాట దాంట్లో ఉందని ఎవరనుకుంటారు? ఆ రోజు నుంచి రోజూ సెంటర్ మూసేముందు లోకం మొత్తాన్ని కాపీ తీసి పెట్టడం అలవాటు చేసుకున్నాను.

ఇక ఆడేవాళ్ళలో రాజు అని ఒక కుర్రాడి సంగతి. డిగ్రీ అయిపోయి వాళ్ళ చిన్నాయన క్రషర్‌లో పనిచేసేవాడు. గుట్టను పేల్చి, రాళ్ళను కంకరగా ఆడించే మిషను అది. సమ్మెలో లారీలు ఆగి క్రషరూ ఆగింది. రాజుకు చేతులు దురద. చెడ్డవాడు కాదు, నాకు కూరగాయలు మోసుకొచ్చి పెట్టేవాడు. కానీ గుట్ట కనిపిస్తే ఊరుకోలేడు. ఆటలో మందుపాతర్లు తయారుచేయడం నేర్చుకుని, అందులో మెరిసే రాళ్ళు దొరుకుతాయని డ్రాగన్ల గుట్ట మొదలు మొత్తం పేల్చాడు. రోడ్డు సగం గాల్లో కలిసింది. మందుకు కట్టె కావలసి వచ్చి ఎదురైన చెట్టునల్లా నరుక్కుంటూ వచ్చాడు. ఒక్క స్టేజీకీ నీడ మిగల్లేదు. ఇలా ఇంకొకరి కష్టాన్ని పాడుచేయడాన్ని మా పనిలో గ్రీఫింగ్ అంటారు.

మర్నాడు మల్లేశం అన్న వచ్చి, ఆట తెరిచి, స్పాన్ దగ్గర నిలబడి చూశాడు. రాజు పక్క కంప్యూటర్ దగ్గరే ఉన్నాడు. నేను వాణ్ణి కడిగేస్తే వాడు నీళ్ళు నమిలాడు.

"గా రోడ్డు ఎవరిదో నాకేం ఎర్క అక్కా? ఎవ్వరూ నడుస్తలేరు. ఉత్త రోడ్డే గద అనుకున్న."

మల్లేశం అన్న ఆట మూసేశాడు. కుర్చీ మెల్లగా లోపలికి జరిపి వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు రాలేదు. తర్వాత కూడా రాలేదు. శిబిరానికీ రావడం లేదని మా ఆయన చెప్పాడు.

నా దగ్గర మందు ఉందనుకున్నాను. రాజు పేల్చకముందు తీసిన కాపీ ఉంది కదా, దాన్ని ఎక్కిస్తే లోకం ఆ రోజు దగ్గరికి వెళ్ళిపోతుంది. దీన్ని రోల్‌బ్యాక్ అంటారు. ఒక్క నొక్కుతో రోడ్డూ చెట్లూ తిరిగొస్తాయి. ఆ రోడ్డుకు లాక్ కూడా వేస్తే రాజు కాదు కదా డ్రాగన్ కూడా దాన్ని కదిలించలేదు. ఆ శుభవార్త మోసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మల్లేశం అన్న మంచం మీద గోడ వైపు తిరిగి ఉన్నాడు. వదినె మిషను దగ్గర కూర్చుంది. నేను చెప్పిందంతా విని, ఆయన ఇటు తిరక్కుండానే జవాబిచ్చాడు.

"తాళం ఏసినంక గా రోడ్డు నా ఒక్కనిదే అయితది చెల్లె. పోరడు అన్నది నిజమే గద. రోడ్డు నేనేసిన, నేనే నడిచిన. ఒక్కడన్న ఎక్కిండా నా బస్సు?"

నిజంగానే ఆ రోడ్డు మీద ఇంకెవరూ నడవలేదు. మిగతావాళ్ళు ఎవరి గోతుల్లో వాళ్ళున్నారు. నేను కూడా మెచ్చుకున్నానే తప్ప ఒక్కసారి ఆ గుట్ట దాకా నడిచి చూడలేదు. వదినె మాట మార్చడానికి తన గోడు ఎత్తుకుంది. శంకరంపేట దగ్గర వాళ్ళ పుట్టినూళ్ళో బొడ్రాయి పండుగ పెట్టుకున్నారట, ఆడబిడ్డలందరినీ పిలిచారట. బస్సులు లేవు. కండక్టరు పెళ్ళామై ఉండి ఆటోల వెంట పడి పోవాలా అని ఆమె నిష్ఠూరం.

బొడ్రాయి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మా వైపు ప్రతి ఊరికీ నడుమ ఒక రాయి నాటి ఉంటుంది. మనిషికి బొడ్డు ఎలాగో ఊరికి అది అలాగ. దాన్ని నాటేనాడు ప్రతి ఇంటివాళ్ళూ ఏదో ఒకటి తెచ్చి ఆ గుంతలో వేస్తారు, బిందెలతో నీళ్ళు పోస్తారు. తంతు అయ్యేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటరు, బయటివాళ్ళను లోపలికి రానివ్వరు. మామూలు రోజుల్లో ఆ రాయి మీద మేకలు ఎక్కి కూర్చుంటాయి, ఎవరూ ఏమీ అనుకోరు. దానికి కంచె ఉండదు, కాపలా ఉండదు. అయినా దాన్ని పెకిలించే మనిషిని నేనింతవరకు చూడలేదు.

మల్లేశం అన్న మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఊరంటే ముందుగాల బొడ్రాయి గద చెల్లె ఉండాల్సింది," అన్నాడు. "మనం ముందే రోడ్డేసినం."

ఆయన కళ్ళలో నేను సమ్మె మొదలయ్యాక చూడని వెలుగు చూశాను. వదినె కూడా చూసింది. పుట్టింటికి పోవాలన్న సంగతి ఆమెకు ఆ క్షణంలో గుర్తు లేదని నా అనుమానం. తర్వాత ఆటోలోనే వెళ్ళొచ్చింది, తిట్టుకుంటూ.

మర్నాడు మల్లేశం అన్న రోజూ ఆడే మిగతా ఏడుగురినీ కూర్చోబెట్టి ఊరి పెద్దలా మాట్లాడాడు. స్పాన్ దగ్గరే బొడ్రాయి. చుట్టూ ఇంత మేర పొలిమేర. పొలిమేర లోపల ఎవరూ ఎవరి వస్తువూ ముట్టరాదు. బయట గుట్టలు పేల్చుకోండి, అడవులు నరుక్కోండి, డ్రాగన్లతో చావండి, అది మీ ఇష్టం. నేను మధ్యలో దూరి, పొలిమేర లోపల లాక్ వేస్తానన్నాను. ఆయన వద్దన్నాడు. రాయి కూడా మామూలు రాయే ఉండాలన్నాడు, ఒక్క దెబ్బకు పగిలేది. అడ్మిన్ అధికారం అలా చేజారింది. రాజు మాత్రం వెనక మొహం దాచుకుని కూర్చున్నాడు. మల్లేశం అన్న వాణ్ణే ముందుకు పిలిచాడు.

"గుంత నువ్వే తవ్వాలె రాజు. తవ్వుడు నీకంటె మంచిగ ఎవనికొస్తది?"

అందరూ గొల్లున నవ్వారు. రాజు చెవులు ఎర్రబడ్డాయి. కానీ పలుగు పట్టుకుని తెరలో వాడు తవ్విన గుంతంత చక్కటి గుంత ఆ లోకంలో అంతకు ముందు లేదు. నాలుగు వైపులా సమానంగా, అంచులు కొలిచినట్టు.

ఆ ప్రతిష్ఠ రోజు నేను చచ్చేదాకా మరిచిపోలేను. ఎవరికి వాళ్ళు తమ దగ్గరున్న మంచి వస్తువు తెచ్చారు. ఒకరు కత్తి, ఒకరు గోధుమలు, ఒకరు డ్రాగన్ గుడ్డు. రాజు గుట్ట పేల్చి సంపాదించిన మెరిసే రాళ్ళన్నీ తెచ్చాడు. సగం మంది వస్తువులు వేశారో లేదో, కరెంటు పోయింది. ఇన్వర్టరు ఆ రోజు దయతలచి సర్వర్‌ను ఒక్కదాన్నే నిలబెట్టింది. తెరలన్నీ నల్లబడ్డాయి. ఆటలో మనుషులంతా మాయమయ్యారు.

అక్కడ మొదలైంది అసలు గొడవ. తంతు మధ్యలో ఊరు ఊరంతా పొలిమేర దాటినట్టా కాదా? ఒకాయన అపశకునమన్నాడు. ఇంకొకాయన మళ్ళీ మొదటి నుంచి చేయాలన్నాడు. వెళ్ళిపోయింది బొమ్మలే, మనుషులు ఇక్కడే ఉన్నారు కదా అని రాజు వాదించాడు. చివరికి మల్లేశం అన్న తీర్పు చెప్పాడు. కరెంటు వచ్చేదాకా ఈ సెంటర్ గడపే పొలిమేర. ఎవరూ బయటికి పోరాదు, ఎవరూ లోపలికి రారాదు.

ఇంతలో మా ఆయన నాకు అన్నం డబ్బా తెచ్చాడు. లోపలికి రానివ్వలేదు. పరాయి ఊరివాడన్నారు. ఆయన ఎండలో నిలబడి, ఈ సెంటరుకు అద్దె కడుతున్న ఇంటి మనిషినని, లోపలున్నది తన భార్యేనని మొరపెట్టుకున్నాడు. ఎవరూ కరగలేదు. నాకైతే చెప్పలేనంత తృప్తిగా ఉండింది. డబ్బా కిటికీ ఊచల్లోంచి తీసుకుని తొమ్మిది మందిమి తలా ఒక ముద్ద తిన్నాం. ఆయన మాత్రం పోలేదు, గాజుల దుకాణం అరుగు మీద కూర్చుని ఇక ఏం జరుగుతుందో అని మెడ చాచి చూస్తున్నాడు. కరెంటు వచ్చాక అందరూ మళ్ళీ అదే గుంత చుట్టూ నిలబడ్డారు. వస్తువులన్నీ వేశారు, నీళ్ళు పోశారు, మల్లేశం అన్న రాయి పెట్టాడు. అది మామూలు బండరాయి.

ఆ తర్వాత నేను లాక్ వేయలేదు, రీజెన్ పెట్టలేదు, గోడ మీద కాగితం కూడా చింపేశాను. పొలిమేర బయట రాజు రెండు గుట్టలు నున్నగా చేశాడు. వాటిని చూడడానికే అందరూ పోయేవాళ్ళు. పోవడానికి రోడ్డు కావలసి వచ్చింది కాబట్టి అందరూ కలిసి మల్లేశం అన్న రోడ్డు మళ్ళీ వేశారు. ఒక్కో స్టేజీ ఒక్కొక్కరు చూసుకున్నారు. ఆటలో బస్సు లేదు. అందుకని మల్లేశం అన్న ముందు నడిస్తే మిగతావాళ్ళు వరసలో వెనక నడిచేవారు. ప్రతి స్టేజీ దగ్గర ఆయన పేరు పెట్టి పిలిచి దింపేవాడు, ఎక్కించుకునేవాడు. గొంతు మొదట మామూలుగా ఉండేది. పోనుపోను సందులోకి వినిపించడం మొదలైంది. ఒకరోజు యాదమ్మ వదినె బయట నిలబడి విని, లోపలికి రాకుండానే వెళ్ళిపోయింది. ఆమె ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

సమ్మె ముగిసింది. బస్సులు కదిలాయి. మల్లేశం అన్న డ్యూటీలో చేరి, సెలవు రోజున మాత్రం వచ్చి స్టేజీలు చూసుకుని పోయేవాడు. ఆ చలికాలంలోనే ప్రసాద్ గారు వచ్చారు. భీమవరం వైపు మనిషి, బ్యాంకులో కొత్తగా ఉద్యోగం వచ్చి మెదక్‌లో గది తీసుకున్నారు. ఊళ్ళో ఎవరూ తెలియదు. ఇంటికి ఫోటోలు పంపడానికి వచ్చి, తెర మీద ఆట చూసి తానూ కూర్చుంటానన్నారు. నేను ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే దాంతో కుస్తీ పడుతున్నాను. ఆయనకు ఏమీ చెప్పలేదు. స్పాన్ దగ్గర పుట్టారు, ఎదురుగా రాయి కనిపించింది, పొలిమేర లోపలే పక్కన ఒక చిన్న గది కట్టుకుని, చివరి గోడకు రాయి తక్కువైతే దాన్ని తవ్వి తీసుకున్నారు.

రాజు అరిచిన అరుపుకు నా చేతిలో కాగితం చిరిగింది. సెంటర్ మొత్తం లేచి నిలబడింది. ప్రసాద్ గారు బిత్తరపోయారు.

"ఏవండీ, ఏదో రాయి అనుకున్నానండి. తప్పైపోయిందాండి?" అన్నారు.

ఆ కోస్తా యాస వినగానే అందరూ ఆయన ముఖం వైపు తిరిగారు. అవి ఎలాంటి రోజులో ఆ కాలం చూసినవాళ్ళకు చెప్పక్కరలేదు. సమ్మె అయిపోయినా మనసులు ఇంకా చల్లారలేదు. ఒకరు ఏదో అనబోయారు. ఇంకొక్క మాట పడితే అది ఆట గురించి కాదని నాకు తెలుసు. గబగబా సర్వర్ దగ్గరికి వెళ్ళాను. రాత్రి కాపీ ఉంది, రోల్‌బ్యాక్ చేస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. రాజు నా చేయి పట్టుకున్నాడు. మల్లేశం అన్నను అడగకుండా ముట్టొద్దన్నాడు. ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

మల్లేశం అన్న బస్సులో ఉన్నాడు. ఇంజను మోత, పిల్లల ఏడుపు, ఎవరో చిల్లర కోసం తగువు. వాటన్నిటి మీదా ఆయన గొంతు. రాజు చెప్పిందంతా విన్నాడు, మధ్యలో రెండుసార్లు ముందుకు జరుగుండ్రి అని అరిచాడు. రాయిని తీసింది ఎవరని అడిగాడు. రాజు చెప్పాడు. ఎక్కడి మనిషని అడిగాడు. రాజు అదీ చెప్పాడు. విజిల్ వినిపించింది, బస్సు ఆగింది, ఎవరో దిగారు.

"ఎవ్వరేమనకుండ్రి," అన్నాడు మల్లేశం అన్న. "ఆ సారుతోనే మళ్ళ వెట్టియ్యండ్రి. ఎవరు తీసిండ్రో ఆళ్ళ చేతులతోనే వెట్టాలె. ఇగ ఆయన గుడ మనూరోడే. రైట్, పోనీ!"

ఆ చివరి మాట డ్రైవరుతో అన్నది. ఫోన్ పెట్టేశాడు.

రాజు కుర్చీ లాగి ప్రసాద్ గారి పక్కన వేసుకున్నాడు. గుంతలో ఏదైనా వేయాలని, తన దగ్గరున్నదాంట్లో మంచిది వేయాలని చెప్పాడు. ఆయన ఆటలోకి వచ్చి గంటయినా కాలేదు. ఆయన దగ్గర ఏముంది? అప్పుడే కట్టుకున్న గదికి ఉన్న ఒక్క తలుపు ఊడదీసి తెచ్చి గుంతలో వేశారు. దాని మీద రాయి నిలబెట్టారు. మౌస్ కుదరక రెండుసార్లు పక్కన పడింది. ఎవరూ నవ్వలేదు.

ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే. మీటింగులో నా వంతు వచ్చినప్పుడు, లోకాన్ని పగలనివ్వండి అంటాను. పగలని లోకాన్ని ఎవరూ తమదనుకోరు. తనంతట తనే అతుక్కునే లోకం మీద ఎవరికీ బెంగ ఉండదు. పగలనివ్వండి, కానీ ఎంత పగలాలన్న లెక్క దగ్గర ఆగిపోకండి, పగలగొట్టినవాడి చేతికే మళ్ళీ నిలబెట్టే పని ఇవ్వండి అంటాను. కొత్తగా చేరిన డిజైనర్లు, అలా చేస్తే ఆడేవాళ్ళు విసుక్కుని వెళ్ళిపోరా అని అడుగుతారు. అప్పుడు ప్రసాద్ గారి ఇంటి సంగతి చెబుతాను. ఆయన మర్నాడు బ్యాంకు అయ్యాక వచ్చి ఆట తెరిచేసరికి, తలుపు లేని ఆ చిన్న గదికి మూడు తలుపులున్నాయి. ఒకటి రాజు పెట్టాడు. ఒకటి సెలవు పెట్టి మరీ వచ్చిన మల్లేశం అన్న పెట్టాడు. మూడోది పొద్దున్నే సెంటర్ తెరవగానే నేను పెట్టాను. ఒక్కొక్కరం ఒక్కో గోడకు పెట్టడంతో ఒకరు పెట్టిన సంగతి ఇంకొకరికి తెలియలేదు. అంత చిన్న గదికి గోడల కంటే తలుపులే ఎక్కువయ్యాయని అందరం పడిపడి నవ్వాం. రెండు తీసేయమని ఎంత చెప్పినా ప్రసాద్ గారు వినలేదు. మెదక్ నుంచి బదిలీ అయ్యేదాకా ఆ మూడూ అలాగే ఉంచుకున్నారు.